వణికే కమాను గురించి పెద్దమ్మ ఉత్తరం

చి. బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ పంపిన వీడియో రెండుసార్లు చూశాను. వర్ణం రెండు కాలాలూ బాగానే నడిచాయి. తరవాత ఆలాపనలో తారషడ్జం మీద, అదే పై 'స' మీద, నిలబడ్డావు చూడు, అక్కడ ఫిడేలు కమాను వణికింది. శ్రుతి తప్పలేదు, నాదం మాత్రం గజగజలాడింది. "భయమేసింది, నేనేం చేయను" అన్నావట. భయం వస్తుంది, రానీ. దాన్ని ఆపడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. భయం వచ్చినప్పుడు నీ బొటనవేలు ఏం చేస్తోందో అది మాత్రం పట్టించుకోవలసిన సంగతి.

"కాస్త రిలాక్స్ అవ్వమ్మా" అని నీకు చెప్పనివాళ్ళు ఉండరు. ఆ మాట విని భుజం దించినవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు. బిగుసుకున్నవాళ్ళకి తాము బిగుసుకున్నామని తెలియదు, చిక్కంతా అక్కడే ఉంది. షికాగోలో ఎడ్మండ్ జాకబ్సన్ అనే డాక్టరుండేవాడు. జీవితమంతా దీని మీదే పనిచేశాడు, 1929లో తన పద్ధతిని పుస్తకంగా వేశాడు. "నేను పూర్తిగా వదులుగా ఉన్నాను" అని పడుకున్నవాళ్ళ కండరాల్లో కూడా ఎంతో కొంత బిగువు మిగిలే ఉంటుందని, మనిషికి అది తెలియడం లేదని ఆయన గమనించాడు. అందుకే ముందు బిగించమన్నాడు. బిగువు ఎలా ఉంటుందో ఒంటికి తెలిస్తేనే కదా వదలడం తెలిసేది.

చేతిలో ఏం జరుగుతోందో చెబుతాను. మోచేతిని వంచే కండరం ఒకటి, చాపే కండరం ఇంకొకటి. కమాను లాగేటప్పుడు ఒకటి పనిచేస్తుంటే రెండోది దారి ఇవ్వాలి. భయంలో రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి. చెయ్యి గట్టిగా నిలబడినట్టే అనిపిస్తుంది, నిజానికి ఎదురెదురుగా లాక్కుంటుంటాయి. ఆరోగ్యంగా ఉన్న ఎవరి చేతికైనా సెకనుకు 8 నుంచి 12 సార్లు ఒక సన్నటి వణుకు ఉండనే ఉంటుంది, కంటికి ఆనదు. బిగువు దాన్ని పెద్దది చేస్తుంది, భయానికి రక్తంలోకి వచ్చే అడ్రినలిన్ ఇంకా పెంచుతుంది. వేగంగా వాయించేటప్పుడు అది కనపడదు. నెమ్మదిగా, నిండుగా లాగే కమానులోనే బయటపడుతుంది. నీ వర్ణం బాగుండి షడ్జం వణకడానికి కారణం ఇదే. ఆ స్వరం మీద నీకు పట్టు లేక కాదు.

కమాను బరువెంతో తెలుసా? 60 గ్రాములు, అటూ ఇటూగా. వీడియోలో నీ బొటనవేలి గోరు తెల్లబడింది. ఆ పట్టుతో బిందెడు నీళ్ళు మోయొచ్చు.

కిందటేడు నా దగ్గర నేర్చుకునే ఒకమ్మాయి భుజం నొప్పితో ఫిజియోథెరపీకి వెళితే నేనూ తోడు వెళ్ళాను. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, మెడకీ భుజానికీ మధ్య ఉండే ఆ దిమ్మ కండరం మీద అంటించే బిళ్ళలు పెట్టారు. ఈఎంజీ అంటారు. కండరం పనిచేసేటప్పుడు పుట్టే విద్యుత్తును మైక్రోవోల్టుల్లో చూపిస్తుంది, బిగువు పెరిగినకొద్దీ బీప్ సన్నబడి పైకి పోతుంది. పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, గీత కింద నిలకడగా ఉంది. "ఇక ఫిడేలు తీసుకోమ్మా" అన్నారు ఫిజియోథెరపిస్టు. పెట్టె మూత కూడా తియ్యలేదు, గీత లేచింది! వాయించకముందే, తాకకముందే. దానికి నమ్మకం కుదరక తెర వంక చూస్తూ ఉండిపోయింది. నేను నోటితో ఎన్నాళ్ళు చెప్పినా అందని సంగతి ఆ గీత చెప్పేసింది. బయోఫీడ్‌బ్యాక్ అంటే ఇంతే. మనకి తెలియని మన ఒంటి సంగతిని కంటికో చెవికో అప్పటికప్పుడు అందించడం.

పాశ్చాత్య సంగీతంలో తంత్రీవాద్యాలు వాయించేవాళ్ళ ఎడమ చేతికి ఈ బిళ్ళలు పెట్టి, వాయిస్తుండగానే అనవసరపు బిగువు తగ్గించుకోవడం నేర్పే ప్రయోగాలు 1980ల మొదట్లోనే జరిగాయి. మంచం మీద పడుకుని వదులు కావడం వేరు, చేతిలో వాద్యం ఉండగా కావడం వేరు. మొదటిది నేర్చుకుంటే రెండోది దానంతటదే రాదు.

నీకు యంత్రం అక్కర్లేదు. మీ అమ్మ వేళ్ళు చాలు. నువ్వు సాధనకి కూర్చున్నప్పుడు వెనక కూర్చుని, నీ ఎడమ భుజం దిమ్మ మీద రెండు వేళ్ళు ఊరికే ఆనించమను. కండరం గట్టిపడితే వేళ్ళతో చిన్నగా తట్టాలి, అంతే. మాట్లాడకూడదు. (మీ అమ్మకి ఇది కష్టమే, నాకు తెలుసు, నా చెల్లెలే కదా.) తట్టగానే వాయించడం ఆపకు, వాయిస్తూనే వదులు. వారం అయ్యాక రోజు విడిచి రోజు తట్టమను, ఆ తరవాత మానెయ్యమను. తట్టడం ఉన్నంతసేపు బాగుండి, మానగానే మళ్ళీ బిగుస్తుంటే నువ్వు నేర్చుకున్నది ఆవిడ వేళ్ళనే, నీ భుజాన్ని కాదు.

జాకబ్సన్ పద్ధతి కూడా రోజూ పొద్దున్న కాసేపు చెయ్యి, కానీ నాకు నచ్చిన తీరులో. కుడి పిడికిలి బిగించి ఐదారు సెకన్లు ఉంచు, వదిలెయ్యి, అరనిమిషం పాటు ఆ చేతినే గమనించు. మళ్ళీ బిగించు, ఈసారి సగం. తరవాత అందులో సగం. చివరికి బిగించావో, బిగిద్దామని అనుకున్నావో తెలియనంత సన్నగా. ఆ సన్నటి బిగువు దొరికిన రోజు కచేరీలో కూడా దొరుకుతుంది. భుజాలు, దవడ కూడా ఇలాగే. దవడ మర్చిపోకు, పళ్ళు కొరుకుతూ గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) పలికించేవాళ్ళు చాలామంది ఉన్నారు.

మనం ఫిడేలును గడ్డం కింద ఇరికించం. కింద కూర్చుని, బిరడాలున్న కొసను కుడి పాదం మీద, రెండో కొసను ఎడమ భుజానికీ ఛాతీకీ ఆనించుకుంటాం. వాద్యం బరువంతా అలా పంచుకుపోయాక ఎడమ బొటనవేలికి మొయ్యవలసిందేమీ లేదు. సరళీ వరసలు ఒక ఆవర్తనం బొటనవేలు పక్కకి తీసేసి వాయించి చూడు. ఫిడేలు జారితే నీ కూర్చునే తీరు సరిచెయ్యాలి, జారకపోతే ఆ వేలు ఇన్నాళ్ళూ ఊరికే శ్రమపడుతోందన్నమాట. కుడి చేతికైతే ఖాళీ తీగ మీద నిండు కమాను లాగుతూ మధ్యలో చిటికెనవేలు ఒక్కసారి ఎత్తి దించు. ఎత్తలేకపోతే పట్టు బిగిసింది.

అలాగని చెయ్యి వేలాడేస్తే గమకం పలకదు. జారు వెయ్యాలన్నా, కంపితం పలకాలన్నా కండరం బిగియాల్సిందే. పని అవ్వగానే వదలాలి. గుండె కాస్త వేగంగా కొట్టుకోవడమూ చెడ్డది కాదు, నిద్రమత్తులో కూర్చున్నవాడి కచేరీ ఎవరు వింటారు? మితంగా ఉత్తేజం ఉంటేనే పని బాగా సాగుతుందని చెప్పడానికి అందరూ 1908 నాటి యెర్కిస్, డాడ్సన్ ప్రయోగాన్ని చూపిస్తారు. అది ఎలుకల మీద చేసింది. మనుషులకి, అందులో ఫిడేలు వాళ్ళకి, గీతలు గీసి కొలవడం అంత సులువు కాదు. నీ మితం నువ్వే తెలుసుకోవాలి.

చేతులు చల్లబడతాయన్నావు. భయంలో వేళ్ళకి పోయే సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, అందుకని. గది వేడి చూపించే చిన్న డిజిటల్ థర్మామీటరు ఒకటి కొను. జ్వరానిది పనికిరాదు, అది అంత కిందకి చూపించదు. దాని కొసను చూపుడువేలికి అంటించి కూర్చుంటే, నిదానంగా ఊపిరి విడిచినకొద్దీ అంకె పెరగడం చూస్తావు. గమ్మత్తేమిటంటే, పెంచాలని పట్టుబడితే తగ్గుతుంది. ఆ పట్టుదల కూడా భయం లాంటిదే ఒంటికి. ఊపిరి నిమిషానికి ఆరుసార్లు సరిపోతుంది, లోపలికి తక్కువ, బయటికి ఎక్కువ. తల తిరిగితే మామూలుగా పీల్చుకో, దానికి పట్టింపు లేదు.

ఎవరో మాత్ర వేసుకోమన్నారట. 1977లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో సభాభయం ఉన్న సంగీతకారుల మీద బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) పరీక్ష అచ్చయింది. వణుకు తగ్గిస్తుంది, అబద్ధం కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ ఒకతను ప్రొప్రనలోల్ అనే అదే జాతి మందు వాడినందుకు రెండు పతకాలు పోగొట్టుకున్నాడంటే ఊహించుకో. కానీ ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆ మందు ప్రమాదం. చిన్నప్పుడు నీకు ఆయాసం వచ్చి మీ నాన్న రాత్రిళ్ళు ఎత్తుకు తిరిగేవాడు. డాక్టరుకి ఆ సంగతి చెప్పకుండా ఎవరి పర్సులోదీ తీసుకుని మింగకు.

ఆడిషన్ రోజు ఏసీ గదిలో కూర్చోబెడతారు, శాలువా తీసుకెళ్ళు. పిలిచేదాకా కమాను చేత్తో పట్టుకుని కూర్చోకు, పెట్టెలో ఉంచు. ఎక్కగానే ఆలాపన మొదలుపెట్టకు. తంబురా శ్రుతిలో మంద్రపంచమం మీద నిండుగా ఒక కమాను లాగు, ఒకసారి భుజం వదులు, అప్పుడు పైకి వెళ్ళు. షడ్జం మీద మళ్ళీ వణికితే నొక్కి పట్టకు, కమాను కొంచెం వేగం పెంచి సాగనియ్యి. నొక్కితే ఇంకా వణుకుతుంది.

ఒక్కటి మాత్రం సాధనతో సరిపెట్టుకోకు. చిటికెనవేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కడం, రాత్రి నొప్పికి మెలకువ రావడం, ఏదో ఒక వేలు తనంతట తనే ముడుచుకుపోవడం, వీటిలో ఏది కనిపించినా ఫిడేలు పక్కన పెట్టి న్యూరాలజిస్టుకి చూపించుకో.

ఈసారి వీడియో ఎదురుగా కాదు, నీ కుడిపక్క నుంచి తియ్యమను. బొటనవేలు కనపడాలి.

ఇట్లు,
పెద్దమ్మ,
విజయనగరం