మడ్డి రమ్మా, రసం రమ్మా?

ప్రశ్న: ఉగాది సెలవులకు నేనూ మా ఆవిడా మారిషస్ వెళ్దామనుకుంటున్నాం. అక్కడి రమ్, బీరు తయారీ దగ్గరుండి చూడాలని నా కోరిక. ఆవిడ మందు ముట్టదు. ఏవి చూడమంటారు?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు మీ ముహూర్తం మార్చండి. ఉగాది అక్కడ కూడా సెలవే, అక్కడి తెలుగువారి పుణ్యమా అని. కానీ ఆ రోజుల్లో చెరకు ఇంకా చేలోనే ఎదుగుతూ ఉంటుంది. నరకడం, ఆడించడం ఇంచుమించు జులై నుంచి డిసెంబరు వరకు. చక్కెర మిల్లులో కెమిస్టుగా తల నెరిసినవాణ్ణి, గానుగ తిరగని కాలంలో చూపిస్తామంటే నేనైతే టికెట్టు కొనను. సెప్టెంబరు, అక్టోబరు పెట్టుకోండి.

ఒక్కటే చూడగలిగితే నైరుతి కొండల్లోని షమరెల్ డిస్టిలరీకి వెళ్లండి. 2008లో తెరిచారు. మన దగ్గర చక్కెర తీశాక మిగిలే మడ్డితో మందు కాస్తారు కదా. ఆ మడ్డి వాసన మా మిల్లు దాటి ఊరి పొలిమేరదాకా కొట్టేది. మారిషస్‌లోనూ 2006 దాకా నేరుగా చెరకు రసంతో రమ్ తీయడానికి చట్టం ఒప్పుకోలేదు. షమరెల్ వాళ్లది రసం రమ్. చెరకు నరికిన వెంటనే ఆడించేయాలి, ఆలస్యమైతే రసం చెడుతుంది. పిప్పి కూడా వృథా పోదు, పొయ్యిలోకి వెళ్తుంది.

చివర్లో రుచి చూపిస్తారు. ముందు రంగులేని రమ్ అడగండి. గ్లాసులో ముక్కు దూర్చి గట్టిగా పీలిస్తే ఘాటు తప్ప ఏమీ తెలియదు. గ్లాసు గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, మెల్లగా పీల్చండి. పచ్చి చెరకు, కోసిన గడ్డి వాసన అందుతుంది. పీపాల్లో నిల్వ ఉంచిన రమ్ ఆ తర్వాత పుచ్చుకోండి. వెనిల్లా, కాఫీ కలిపిన తియ్యటివి నా దృష్టిలో మందు కాదు, మిఠాయి.

దక్షిణాన సెంతొబాఁ ఎస్టేటులోనూ రమ్ కాస్తారు. 1819 నాటి ఇల్లు, వెనిల్లా తోట ఉన్నాయి. దారి కలిస్తే ఆగండి. బీరు మాటంటారా, ఫీనిక్స్ 1963 నుంచీ ఉంది. చల్లగా తాగండి, చాలు. దాని కోసం రోజు పాడు చేసుకోకండి.

మీ ఆవిడ కోసం, మీ కోసం కూడా, పాంప్లెమూస్ దగ్గర బో ప్లాన్ చక్కెర మ్యూజియం. 1999లో మూతపడిన మిల్లును 2002లో మ్యూజియంగా తెరిచారు. పాత యంత్రాలు అలాగే ఉన్నాయి. రమ్‌తో పాటు రకరకాల చక్కెరలు రుచి చూపిస్తారు, ఆవిడకు అవి. బానిసలు, ఒప్పంద కూలీల చరిత్ర కూడా ఉంది. ఆ కూలీల్లో మీ కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లూ ఉన్నారు కనుక ఆ గదుల్లో తొందరపడకండి.

కారు మీరు నడపవద్దు. షమరెల్ ఎక్కే దారి అంతా మలుపులే, తాగి నడిపితే చట్టం కఠినం. రోజంతటికీ టాక్సీ మాట్లాడుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు మనిషికి 2 లీటర్ల వరకు సుంకం ఉండదు. ఆవిడ ముట్టకపోయినా ఆవిడ వాటా ఆవిడకు ఉంటుంది. ఊళ్లో కొన్న సీసాలను చేతిసంచీలో పెడితే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. పెద్ద పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టండి. చీరల్లో చుట్టేట్టయితే ముందు అనుమతి తీసుకోండి.