జ్వరానికి ఫారన్‌హీట్, ఎండకు సెల్సియస్ ఎందుకు?

ఎండను సెల్సియస్‌లో చెప్పుకునే మనం జ్వరాన్ని మాత్రం ఫారన్‌హీట్‌లో ఎందుకు చూస్తామని అడిగారు. నన్నడిగితే జ్వరానికి ఫారన్‌హీటే సరైనది.

రెండేళ్ల కిందట మా పాపకు జ్వరమొచ్చింది. రాత్రి రెండింటికి అమ్మ దాని చంకలో డిజిటల్ థర్మామీటర్ పెట్టి చూసి, "ఒరేయ్, ముప్పై ఎనిమిది పాయింట్ తొమ్మిదే ఉందిరా, పిల్ల చల్లబడిపోతోంది!" అని గొల్లుమంది. చూస్తే పాప ఒళ్ళు పెనంలా కాలుతోంది. నాకూ కాసేపు బుర్ర పనిచెయ్యలేదు. ఎప్పుడో బటన్ నొక్కుకుపోయి అది సెల్సియస్‌లోకి మారిపోయింది. లెక్కకడితే 102! సిరప్ పట్టి, తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాం. అంత తేలిగ్గా నొక్కుకుపోయే చోట ఆ బటన్ పెట్టడం ఏం పనండీ? పాత పాదరసం థర్మామీటర్‌తో ఈ గొడవే లేదు. విదిలించి పెట్టడం, 98.4 దాటిందా లేదా చూడ్డం, అంతే.

ఆ తర్వాత దీని సంగతేమిటో పట్టుకుని చదివాను. ఫారన్‌హీట్ 1708లో కోపెన్‌హాగెన్ వెళ్ళి, ఖగోళ శాస్త్రజ్ఞుడు ఓలే రోమర్ థర్మామీటర్లకు గీతలు పెట్టే పద్ధతి చూశాడు. రోమర్ లెక్కలో మంచు కరిగేది ఏడున్నర దగ్గర, ఒంటి వేడి ఇరవై రెండున్నర. ఈ అరలు వదిలించుకోవడానికి ఫారన్‌హీట్ అన్నిటినీ నాలుగింతలు చేశాడు. 30, 90 అయ్యాయి. తర్వాత వాటిని 32, 96కి జరిపాడు. మధ్యలో 64 వస్తే, సగానికి సగం చొప్పున ఆరుసార్లు విడగొడితే డిగ్రీ గీతలన్నీ పడతాయి. గాజు గొట్టాల మీద చేత్తో గీతలు పెట్టినవాడికే తట్టే ఆలోచన అది! 1724లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆయనే రాశాడు, 96 అంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి నోట్లోనో చంకలోనో పెడితే వచ్చేదని. అంటే ఆ కొలతలో మనిషి ఒళ్ళు మొదటినుంచీ ఉంది.

బళ్ళో మాకు తొమ్మిదితో గుణించు, అయిదుతో భాగించు, 32 కలుపు అని బట్టీ పట్టించారు. ఆ 32 ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కరూ చెప్పలేదు. ఇది చెప్పి ఉంటే ఆ సూత్రం జన్మలో మర్చిపోయేవాణ్ణి కాదు.

సెల్సియస్ 1742లో పెట్టినదాంట్లో నీళ్ళు మరిగేది 0, గడ్డకట్టేది 100. దాన్ని తిరగేసింది తర్వాతివాళ్ళు. ఎటు తిప్పినా అది నీళ్ళ లెక్క. వానకీ ఎండకీ బాగానే సరిపోతుంది.

మా మందుల డబ్బా మూత మీద అమ్మ ఇప్పుడు పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది: "ముందు ఎఫ్ ఉందో లేదో చూడు."