సీఈటీపీ యాంటీబాడీ గురించి మేనకోడలికి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

బరంపురంలో నీ పరిశోధన సీఈటీపీ (కొలెస్టరిల్ ఎస్టర్ ట్రాన్స్‌ఫర్ ప్రోటీన్) మీదేనని, దాన్ని గుర్తించి అంటుకునే, కుందేలులో తయారైన యాంటీబాడీ తెప్పిస్తున్నారని చెల్లాయి చెప్పింది, చాలా సంతోషం. రక్తంలో కొవ్వును మోసే హెచ్‌డీఎల్ కణాల నుంచి కొలెస్ట్రాల్ ఎస్టర్లను వీఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్ కణాలకు మోసి, బదులుగా ట్రైగ్లిజరైడ్లను తెచ్చే ఈ ప్రోటీన్‌ను రక్తంలో పట్టుకోవడం పైకి కనిపించేంత సులువు కాదు.

మిల్లీలీటరు ప్లాస్మాలో సీఈటీపీ సుమారు 1 నుంచి 3 మైక్రోగ్రాములే ఉంటుంది, ఆల్బుమిన్ మాత్రం 35 నుంచి 50 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. అమైనో ఆమ్లాల లెక్కన 53 కిలోడాల్టన్ల బరువు ఉండవలసిన సీఈటీపీ, దానికి అతుక్కున్న చక్కెర గొలుసుల వల్ల, ప్రోటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ మీద 74 దగ్గర నిలుస్తుంది, ఆల్బుమిన్ దాని కిందే 66 దగ్గర ఉబ్బి కూర్చుంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ కనబడిన నల్లని మందపాటి బ్యాండును చూసి పొంగిపోయి, మూడు వారాలు దాన్నే కొలిచాను. చివరికి చిట్టెలుక ప్లాస్మా వేసి చూస్తే అక్కడా అదే బ్యాండు వచ్చింది! చిట్టెలుకకు సీఈటీపీయే ఉండదు, అంటే నేను కొలిచింది ఆల్బుమిన్‌నే. అందుకే మొదటి బ్లాట్‌లోనే (జెల్ మీది ప్రోటీన్లను పొర మీదికి దించి యాంటీబాడీతో చూసే పరీక్షలో) మనిషి ప్లాస్మా పక్కన చిట్టెలుక ప్లాస్మాను తప్పక వెయ్యి. నీది కుందేలు యాంటీబాడీ గనుక ఈ పద్ధతి పనిచేస్తుంది, అదే చిట్టెలుకలో తయారైనదైతే దాన్ని పట్టి చూపే సెకండరీ యాంటీబాడీ ఆ ప్లాస్మాలో సహజంగా ఉండే యాంటీబాడీలనే (ఇమ్యునోగ్లోబులిన్లను) పట్టుకొని 50, 25 దగ్గర గీతలు చూపి తికమక పెడుతుంది.

ఇంకా అనుమానముంటే పీఎన్‌జేస్ ఎఫ్ ఎంజైముతో చక్కెరలను తొలగించి చూడు. సీఈటీపీ బ్యాండు కిందికి దిగుతుంది, ఆ చక్కెరలు లేని ఆల్బుమిన్ కదలదు. ఒక్క సంగతి గుర్తుంచుకో, యాంటీబాడీ చెప్పేది ప్రోటీన్ ఎంత ఉందనే, అది ఎంత పని చేస్తోందో తెలియాలంటే వేరే పరీక్ష కావాలి.

పార్సిల్ రాగానే ఐసు కరిగిందేమో చూసి, వెంటనే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి, తేదీ రాసి, కంపెనీ కాగితంలో చెప్పిన చల్లదనంలో దాచు. వేసవిలో కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తెరవనివ్వకు. ఒకే ట్యూబును పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే యాంటీబాడీ బలం తగ్గిపోతుంది.

మొదటి బ్లాట్ రాగానే ఫొటో పంపు. బరువులు చూపే మార్కర్ గీతలతో సహా పొర మొత్తం కనిపించాలి, 74 చుట్టూ కత్తిరించి పంపకు.

మీ మామయ్య