ఏరోజెల్‌లో నింపిన మందు ఒంట్లో ఎప్పుడూ నెమ్మదిగానే విడుదలవుతుందా?

కాదు, ఏరోజెల్‌ను దేనితో తయారు చేశారన్న దాన్ని బట్టి మందు త్వరగానైనా, నిదానంగానైనా విడుదలవుతుంది. పేరులో జెల్ ఉన్నా ఇది తడి పదార్థం కాదు. తడి జెల్‌లోని ద్రవాన్ని, దాని అల్లిక కుంగిపోకుండా, సాధారణంగా 31 డిగ్రీల సెల్సియస్‌కు పైన అధిక పీడనంలో ఉంచిన కార్బన్ డయాక్సైడ్‌తో తొలగించగా మిగిలే పొడి గుల్ల ఇది. సిలికా ఏరోజెల్‌లో 90 శాతానికి పైగా ఖాళీయే కాగా, ఒక్క గ్రాములోని లోపలి గోడల వైశాల్యం వందల చదరపు మీటర్లు ఉంటుంది. ఆ గోడల మీద మందు స్ఫటికాలుగా గట్టిపడకుండా పలుచగా పరచుకుంటుంది.

ఉదాహరణకు, నీటిలో సులువుగా కరగని నొప్పి మందు కీటోప్రోఫెన్‌ను నీటిని పీల్చే సిలికా ఏరోజెల్‌లో నింపితే, తడి తగలగానే గుల్ల చిదికిపోయి, మందు మామూలు పొడి కంటే వేగంగా కరుగుతుంది. సన్నని రంధ్రాలు మందును పట్టి ఉంచుతాయన్న అపోహ ఇక్కడే వీగిపోతుంది. నెల్లూరు తీరంలో రొయ్యలు ఒలిచాక మిగిలే పెంకుల వంటి వాటి నుంచి తీసే కైటోసాన్‌తో చేసిన ఏరోజెల్ తీరు వేరు: దాని పోగులను ఒకదానితో ఒకటి తగినంతగా బంధిస్తే, అది నీటిలో ఉబ్బి మందును నిదానంగా వదలగలదు. పైపులకు వేడి పోకుండా చుట్టే ఏరోజెల్ మాత్రం మందుకు పనికిరాదు.