తెర నల్లబడిందని వెంటనే ప్యానెల్ కొనకు

చిరంజీవి రవికి,

ల్యాప్‌టాప్ తెర నల్లబడిందనీ, కొత్త ప్యానెల్ ఆర్డర్ పెడతాననీ రాశావు. కాస్త ఆగు. మెషిన్ అసలు లేవకపోయినా, లేచి బొమ్మ పంపకపోయినా, బొమ్మ వచ్చి వెనక వెలుతురు రాకపోయినా పైకి కనిపించేది అదే నలుపు. ఈ మూడింటిలో ఏదో తేలేదాకా స్క్రూడ్రైవర్ పట్టకు.

ఆన్ చేసి క్యాప్స్ లాక్ నొక్కు. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలిగి ఆరుతుంటే మెషిన్ నడుస్తున్నట్టే. ఉలుకూ పలుకూ లేకపోతే ఛార్జర్ పీకి, బ్యాటరీ బయటికి ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టు. తర్వాత ఛార్జర్ ఒక్కటే పెట్టి చూడు. అప్పటికీ లేవకపోతే ఛార్జర్ పీకి, లోపలి బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ర్యామ్ (మెమరీ) తీసి, కాంటాక్టులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక్కో స్టిక్‌నే పెట్టి ప్రయత్నించు. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ముఖ్యంగా డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్‌లో, కొన్ని నిమిషాలు నలుపే ఉండొచ్చు. మధ్యలో ఆపేయకు.

మెషిన్ నడుస్తోందని తేలితే గదిలో లైట్లార్పి, టార్చిని తెరకు దగ్గరగా, ఏటవాలుగా వేసి చూడు. ఐకాన్లు మసకమసగ్గా కనిపిస్తే బొమ్మ వస్తోంది, బ్యాక్‌లైటే లేదు. ఇంతకంటే విలువైన పరీక్ష ఈ పనిలో ఇంకోటి లేదు. బ్రైట్‌నెస్ కీలు ఒకసారి నొక్కి చూడు, అది సున్నాకి దిగి ఉండటమూ ఉంది.

టార్చిలోనూ ఏమీ కనపడకపోతే హెచ్‌డీఎంఐతో టీవీకో మానిటర్‌కో కలిపి, విండోస్ కీతో పాటు పీ నొక్కు. అక్కడ బొమ్మ వస్తే లోపం చాలావరకు బోర్డు నుంచి తెరకు వెళ్లే లోపలి కేబుల్‌లోనో ప్యానెల్‌లోనో ఉంటుంది. అక్కడా రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కు, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. దానికీ లొంగకపోతే ర్యామ్‌నో మదర్‌బోర్డునో అనుమానించాలి, కొత్త ప్యానెల్ వేసినా లాభం ఉండదు. డెల్ అయితే ఆఫ్ చేసి, డీ కీ నొక్కిపట్టి ఆన్ చెయ్యి. తెరంతా రంగులు ఒక్కొక్కటిగా మారుతూ వస్తే ప్యానెల్‌ను నిందించకు.

మూత మూశారని పసిగట్టే సెన్సర్ అయస్కాంతానికి స్పందిస్తుంది. ల్యాప్‌టాప్ మీద ల్యాప్‌టాప్ పెట్టినా, అయస్కాంతమున్న ఫోన్ కవర్ పక్కన పడేసినా తెర ఆరిపోవచ్చు.

ఇక ఆ లోపలి కేబుల్ సంగతి. అది మూత తిరిగే కీలు (హింజ్) గుండా వెళ్తుంది. మూత తెరిచి మూసిన ప్రతిసారీ వంగి వంగి, చివరికి లోపలి సన్నటి తీగలు తెగొచ్చు. మూతను నెమ్మదిగా తెరుస్తూ పో. ఏదో ఒక కోణంలో వెలుగు మిణుక్కుమంటే ముందు కేబుల్‌నే మార్చు, ప్యానెల్ కంటే అది చాలా చవక.

విప్పేటప్పుడు మొదటి పని ఛార్జర్ పీకి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. ఇది మాత్రం మరిచిపోకు. డిస్‌ప్లే కనెక్టర్‌లో బ్యాక్‌లైట్ కరెంటు పిన్నులు, సిగ్నల్ పిన్నులు దగ్గర దగ్గరగా ఉంటాయి. కరెంటు ఉండగా కేబుల్ వంకరగా లాగితే బోర్డు మీది ఫ్యూజ్ పోవచ్చు, ఒక్కోసారి ప్యానెలూ పోతుంది. టార్చిలో బొమ్మ కనిపించి, కేబుల్ మార్చినా వెలుగు రాకపోతే, బ్యాటరీ తీసే ఉంచి ఆ ఫ్యూజ్‌కు మల్టీమీటర్‌తో కంటిన్యూటీ (మధ్యలో తెగకుండా ఉందా అని) చూడు. అది పోయిందంటే ఎక్కడో షార్ట్ అయి ఉండొచ్చు. కారణం కనుక్కోకుండా సోల్డర్‌తో కలిపేయకు. మరీ పాత మోడళ్లలో ఎల్‌ఈడీ బదులు సన్నటి ట్యూబు, దాన్ని వెలిగించే ఇన్వర్టర్ అనే చిన్న బోర్డు ఉంటాయి. ఇన్వర్టర్‌లో వందల వోల్టులుంటాయి, ఆన్‌లో ఉండగా చెయ్యి పెట్టకు.

చివరికి ప్యానెలే అని తేలితే వెనక స్టిక్కర్ మీది నంబర్ చూసే కొను. 15.6 అంగుళాలని సరిపెట్టుకోకు. రిజల్యూషన్, కనెక్టర్ 30 పిన్నులదా 40దా, అది ఏ వైపుంది, స్క్రూలు బిగించే చెవులున్నాయా లేవా, టచ్ ఉందా అన్నీ కలవాలి. 30 పిన్నుల కేబుల్ 40 పిన్నుల ప్యానెల్‌కు కూర్చోదు. చెవులు లేనివాటిని సాగే టేపుతో అతికిస్తారు, ఆ టేపు చివర పట్టుకుని అడుగుకు సమాంతరంగా మెల్లగా లాగాలి. తెగితే గాజును పెకలించాల్సి వస్తుంది, ప్యానెల్ పగిలేది సాధారణంగా అక్కడే. కొత్తది అతికించకముందే కనెక్టర్ పెట్టి, ఆ తర్వాతే బ్యాటరీ కలిపి, ఆన్ చేసి చూసుకో. బొమ్మ సరిగా వస్తే మళ్లీ బ్యాటరీ తీసి బిగించు.

టార్చి వేసినప్పుడు ఏం కనిపించిందో రాయి, స్టిక్కర్ ఫొటో కూడా పంపు. ఆర్డర్ పెట్టేముందు నంబర్లు ఇద్దరం కలిసి సరిచూద్దాం.

ఆశీస్సులతో,
బాబాయి