మాట్లాడుతున్నాడు కదా అని ఊరుకోవద్దు

ప్రశ్న: డాక్టరు గారూ, పోయిన నెల వానలో కూర్మన్నపాలెం దగ్గర మా వారి బండి జారింది. హెల్మెట్ ఉంది గానీ బకిల్ పెట్టుకోలేదు, ఊడిపోయింది. ఒక నిమిషం స్పృహ లేదట. తర్వాత తనే లేచి బండి మీద ఇంటికొచ్చారు. చెవి పైన నిమ్మకాయంత బొప్పి. అన్నం తిని, పిల్లలతో కబుర్లు చెప్పి పడుకున్నారు. రాత్రి పదకొండింటికి గురక వేరేగా వినిపించింది. లేపితే లేవలేదు. 108లో తీసుకెళ్లాం. మెదడు మీద రక్తం గడ్డ అన్నారు, ఆ రాత్రే ఆపరేషన్ చేసి బతికించారు. ‘దెబ్బ తగిలినవాణ్ణి నిద్రపోనిస్తారా’ అని అత్తగారు ఇప్పటికీ అంటున్నారు. తప్పు నాదేనా?
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: తప్పు మీది కాదమ్మా. గురకలో తేడా పట్టింది మీరే. అదే ఆయన్ని కాపాడింది.

అత్తగారికి ఇది చదివి వినిపించండి. నిద్రపోతే రక్తం గడ్డ కట్టదు. చెవి పైన, కణత దగ్గర పుర్రె పల్చగా ఉంటుంది. దాని లోపలివైపు ఆనుకుని ఒక రక్తనాళం వెళుతుంది. ఎముక చిట్లినప్పుడు అది తెగితే, పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తం పోగవుతుంది. మీ వారికి జరిగింది ఇదే అయి ఉండాలి. మొదట కొన్ని గంటలు మనిషి మామూలుగానే ఉండొచ్చు. గడ్డ మెదడుని నొక్కడం మొదలయ్యాక మత్తు కమ్ముతుంది. చూసేవాళ్లకి అది నిద్రలాగే ఉంటుంది.

నేను క్యాజువాలిటీలో కొత్తగా చేరిన రోజుల్లో ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక సరంగుని తెచ్చారు. జెట్టీ మీద జారి తల కొట్టుకుంది. బల్ల మీద లేచి కూర్చుని ‘టీ ఇప్పించండి బాబూ’ అన్నాడు. నేనూ తేలిగ్గా తీసుకోబోయాను. మా సిస్టర్ టార్చి తెచ్చి నా చేతిలో పెట్టింది. టీ వచ్చేసరికి అతని మాట ముద్దగా అయింది, కుడి కంటిపాప ఎడమదానికంటే పెద్దదైంది. ఆ రెండు కళ్లూ నాకింకా గుర్తే. అప్పటినుంచి ‘బాగానే మాట్లాడుతున్నాడండీ’ అని ఎవరన్నా నాకు ధైర్యం రాదు.

తలకి దెబ్బ తగిలి ఒక్క క్షణం స్పృహ తప్పినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. సీటీ స్కాన్ నిమిషాల్లో అయిపోతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ, 65 దాటినవాళ్లూ స్పృహ తప్పకపోయినా చూపించుకోవాలి. డాక్టరు చూసి ఇంటికి పంపితే పడుకోనివ్వండి. మొదటి రాత్రి మాత్రం రెండేసి గంటలకి లేపి పేరు, ఊరు అడగండి. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడినా, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలా కారినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

పోలీసు కేసవుతుందని ఇంటికే తెచ్చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది నాకు చాలా బాధ. ముందు ప్రాణం, తర్వాతే కేసు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. రోడ్డు మీద పడ్డవాళ్లని తెచ్చినవారిని వేధించకూడదని 2019 నుంచి మోటారు వాహనాల చట్టంలోనే ఉంది.

మీ వారు మళ్లీ బండి ఎప్పుడు తీయొచ్చో ఆపరేషన్ చేసిన డాక్టరునే అడగండి. ఆ పాత హెల్మెట్ ఇంకా ఇంట్లో ఉంటే పారేయండి. ఒకసారి దెబ్బ తిన్నది పైకి బాగానే కనిపించినా, రెండోసారి కాయదు.