కంప్యూటర్ ల్యాబ్ లేని ప్రాథమిక పాఠశాలలో కోడింగ్ ఎలా మొదలుపెట్టాలి?

3, 4, 5 తరగతులు మీరే చూస్తున్నారు, హెచ్‌ఎం గారు కోడింగ్ మొదలుపెట్టమన్నారు, ఉన్నదేమో ఒక్క పాత ల్యాప్‌టాప్, ఎలా అని అడిగారు. మా మండల పరిషత్ బడిలో నేనూ ఇంచుమించు ఇలాగే మొదలుపెట్టాను. నా సలహా ఏమిటంటే, మొదటి కొన్ని వారాలు ఆ ల్యాప్‌టాప్‌ని బీరువాలోనే ఉంచండి.

2020 జాతీయ విద్యా విధానం కోడింగ్‌ని మిడిల్ స్టేజ్‌లో, అంటే 6వ తరగతి నుంచి పెట్టమంది. కాబట్టి మన పిల్లలకు సిలబస్ పూర్తిచేయాలనే తొందర లేదు. చెప్పింది చెప్పినట్టే చేసే యంత్రానికి వరసగా పని చెప్పడం, అనుకున్నది రాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో తామే వెతకడం. ఐదో తరగతి దాటేలోగా ఈ రెండూ వస్తే చాలా గొప్ప.

వరండాలో సుద్దముక్కతో నిలువు ఐదు, అడ్డం ఐదు గళ్లు గీయండి. ఒక గడిలో పలక పెట్టండి. ఒకరు రోబో, ఇంకొకరు దారి చెప్పేవారు. ఆదేశాలు మూడే: ఒక గడి ముందుకు, కుడికి తిరుగు, ఎడమకు తిరుగు. దారంతా ముందే కాగితం మీద బాణాలుగా వేసి ఇచ్చేయాలి, రోబో నడుస్తుంటే నోరు విప్పకూడదు. ఇక చూడండి! రోబో మనకు ఎదురుగా నిలబడితే మన కుడి తనకు ఎడమ అవుతుంది. 'కుడికి తిరుగు' అంటే కొందరు తిరగడంతో ఆగకుండా ఓ అడుగు కూడా వేసేస్తారు. మా నాలుగో తరగతి పాప ఒకతి, తన రోబో గోడ వైపు వెళ్లిపోతుంటే, కాగితం పట్టుకుని పోయి దాని వెనకే నిలబడింది. మొదటి నుంచి మళ్లీ నడిపిస్తూ తనూ దాంతోపాటే తిరిగింది. ఓ బాణం దగ్గర ఆగి, "ఇదిగో టీచర్, ఇక్కడ ఎడమ వెయ్యాలి" అంది. ఇలాంటప్పుడు దయచేసి మనం ముందే అందించకూడదు. తప్పు కనిపిస్తున్నా ఆగాలి.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. 1967లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారైంది. తర్వాత దానికి నేలమీద నడిచే తాబేలు రోబోని జోడించారు. తాబేలు ఎటు తిరగాలో తెలియకపోతే, పిల్లలు తామే తాబేలై నడిచి చూడాలని ఆ భాషను తయారుచేసినవాళ్లలో ఒకరైన సీమోర్ పేపర్ట్ చెప్పేవారు.

మళ్లీ మళ్లీ చేయించే 'రిపీట్' నేర్పడానికి చుక్కల ముగ్గుని మించింది నాకు దొరకలేదు. ఒక మూల మెలిక వేసి, బోర్డు తిప్పినట్టు ఊహించుకుని అదే మెలిక ఇంకో మూడుసార్లు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1970లలోనే తమిళనాడు ముగ్గుల మీద కంప్యూటర్ సైన్స్ పరిశోధన చేశారు. ఈ సంగతి చెబితే ఇంట్లో ముగ్గులేసే ఆడపిల్లల ముఖాలు వెలిగిపోతాయి, తప్పకుండా చెప్పండి.

ఆ తర్వాత ల్యాప్‌టాప్ తీయండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు పిల్లల కోసం తయారుచేసిన స్క్రాచ్ అనే ప్రోగ్రామ్ ఉచితం, ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ అక్కర్లేదు. అందులో ఆదేశాలు రంగురంగుల బ్లాకులుగా ఉంటాయి, వాటిని ఒకదాని కింద ఒకటి జోడిస్తే చాలు. మరీ పాత మెషీన్ అయితే 1.4 వెర్షన్ వేసుకోండి. బ్లాకుల మీద ఇంగ్లిష్ ఉందని బెంగపడొద్దు, పిల్లలు రంగుని బట్టి పట్టేస్తారు: నీలం అంటే కదలిక, పసుపు అంటే మొదలు. ట్యాబ్ దొరికితే చిన్న తరగతులకు స్క్రాచ్ జూనియర్ ఇంకా హాయి, అందులో బ్లాకుల మీద అక్షరాలే ఉండవు, బొమ్మలే.

ఐదో తరగతికి ఒక్క లెక్క ఇవ్వండి: స్క్రాచ్‌లో ఉండే పిల్లి బొమ్మతో చతురస్రం, ఆ తర్వాత మూడు భుజాలూ సమానమైన త్రిభుజం గీయించాలి. చతురస్రం వచ్చేస్తుంది, నాలుగుసార్లు నడక, 90 డిగ్రీల మలుపు. త్రిభుజానికి మా తరగతి పిల్లాడొకడు 60 వేశాడు, ఒక్కో మూల 60 అని వాళ్లక్క చెప్పిందట. పిల్లి షడ్భుజిలో సగం గీసి ఆగిపోయింది. వాణ్ని వరండాలోకి పంపి నేలమీద త్రిభుజం గీసి నడవమన్నాను. మూల దగ్గర ఎంత తిరిగాడో కోణమానినితో కొలిపిస్తే 120 వచ్చింది. లోపలి కోణం వేరు, మనం తిరిగే కోణం వేరు అని ఇక ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చూసుకోండి. ఇంట్లో ఫోన్ అలవాటున్న పిల్లలు మౌస్ లాగేసుకుంటారు, మిగతావాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, వెనక బెంచీకి జరుగుతారు. నేను ఇద్దరిద్దరిని జతచేస్తాను. మౌస్ పట్టుకున్నవాళ్లు సొంతంగా ఏదీ చేయకూడదు, పక్కవాళ్లు చెప్పిందే చేయాలి. ఐదు నిమిషాలకోసారి మారాలి. తమ వంతు రానివాళ్లు కాగితం మీద బ్లాకులు బొమ్మ వేసుకుని, రెడీ అయ్యాకే ల్యాప్‌టాప్ దగ్గరికి వస్తారు. వారానికి ఒక్క పీరియడ్, శనివారం చివరిది, నాకు సరిపోతోంది.